బండి గట్టిదా, కాలు మంచిదా?

బండి కొనబోయే మనిషి మొదట అడిగేది మైలేజీ ఎంతని. ఆ వెంటనే అడిగేది ఏ కంపెనీ బండి గట్టిదని. మొదటి ప్రశ్నకి జవాబుగా ఒక అంకె దొరుకుతుంది. రెండోదానికి దొరికేవి పేర్లు, వాటి చుట్టూ అల్లుకున్న పుకార్లు. హోండా ఇంజన్‌కి చావు లేదంటారు, బుల్లెట్ కొంటే ఓపిక కూడా కొనుక్కోవాలంటారు, యమహా అంటే పికప్ అంటారు. ఈ మాటల్లో నిజం లేకపోలేదు. అయితే ఇవి బండి మొత్తాన్ని ఒకే వస్తువుగా చూసి ఇచ్చే తీర్పులు. బండిలో వైరింగు అరిగే తీరు వేరు, బ్రేకు అరిగే తీరు వేరు, గేర్‌బాక్స్ అరిగే తీరు వేరు. గేర్‌బాక్స్, క్లచ్, చైను అనే ఈ మూడింటి దగ్గరికి వచ్చేసరికి ఆయుష్షును కంపెనీ పేరు కంటే గేరు మార్చే పద్ధతే ఎక్కువగా నిర్ణయిస్తుందని నా వాదన. దానికి ఆధారం ఆ పెట్టె లోపలే ఉంది.

ముందు ఎదుటి పక్షం దగ్గరున్న బలమైన సాక్ష్యం చూద్దాం. అమెరికాలో వినియోగదారుల కోసం వెలువడే కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక తన పాఠకుల దగ్గరున్న 12 వేలకు పైగా బండ్ల వివరాలు సేకరించి 2015లో ఒక లెక్క ప్రకటించింది. కొని నాలుగేళ్లయిన బండికి చెప్పుకోదగ్గ మరమ్మతు వచ్చే అవకాశం యమహాకి 11 శాతం, సుజుకీ, హోండాలకి 12, కవాసకీకి 15, హార్లే డేవిడ్‌సన్‌కి 26, ట్రయంఫ్‌కి 29, డుకాటీకి 33, బీఎండబ్ల్యూకి 40 శాతం అని తేలింది. పదకొండుకీ నలభైకీ మధ్య ఉన్న తేడాని నడిపేవాళ్ల కాళ్ల మీదికి నెట్టేయలేం. జపాన్ కంపెనీలు నాణ్యతలో ముందున్నాయని ఒప్పుకోవాల్సిందే. కానీ అదే నివేదికలో చెడిపోయినవి ఏమిటో చూస్తే కథ మారుతుంది. ఫిర్యాదుల్లో ముందు వరసలో ఉన్నవి కరెంటు వ్యవస్థ, లైట్లూ మీటర్లూ వంటి అదనపు సామాను, బ్రేకులు, పెట్రోలు సరఫరా. గేర్‌బాక్స్ ఆ వరసలో లేదు. అంటే ఆ అంకెలు కొలిచినది ఎక్కువగా బండిలో కంపెనీ అమర్చిన సామాను నాణ్యతని. ఖరీదైన బండిలో సెన్సర్లూ మోటార్లూ కంప్యూటర్లూ ఎక్కువ కాబట్టి చెడిపోయేవీ ఎక్కువే. పైగా అవి నాలుగేళ్ల లెక్కలు. మన ఊళ్లలో బండి పదేళ్లూ పదిహేనేళ్లూ నడుస్తుంది, ఇద్దరు ముగ్గురు యజమానుల చేతులు మారుతుంది. ఇంకో విడ్డూరం ఏమిటంటే, ఆ సర్వేలోనే హార్లే యజమానుల్లో 72 శాతం మంది మళ్లీ అదే కొంటామన్నారు. గట్టితనం ఒకటి, మనసు పడటం ఇంకొకటి. బుల్లెట్ అభిమానులకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు పెట్టె మూత తీద్దాం. గేరు మార్చినప్పుడు లోపల పళ్ల చక్రాలు ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని పట్టుకుంటాయని చాలామంది ఊహ. నిజానికి అక్కడ జతలన్నీ ఎప్పుడూ కలిసే తిరుగుతుంటాయి. ఇంజన్ నుంచి క్లచ్ మీదుగా శక్తి వచ్చే ఇరుసు ఒకటి, చైను స్ప్రాకెట్‌ని తిప్పే ఇరుసు ఇంకొకటి. నాలుగు గేర్ల బండి అయితే ఈ రెంటి మీదా నాలుగు జతల చక్రాలు. ప్రతి జతలోనూ ఒక చక్రం తన ఇరుసుకి బిగిసి ఉంటుంది, రెండోది ఇరుసు మీద ఉత్తినే తిరుగుతుంటుంది. ఆ ఉత్తినే తిరిగే చక్రాన్ని ఇరుసుకి కట్టేస్తే ఆ గేరు పడినట్టు. కట్టే పని చేసేవి పళ్లు కావు, చక్రం పక్క ముఖం మీద పొడుచుకొచ్చిన మొద్దు దిమ్మెలు. వీటిని డాగ్స్ అంటారు. పక్కనే జారే చక్రం మీద కూడా ఇలాంటి దిమ్మెలో, వాటికి సరిపడే గూళ్లో ఉంటాయి. మనం పెడల్ నొక్కితే గాడులు చెక్కిన ఒక డోలు కొంచెం తిరుగుతుంది, ఆ గాడుల్లో నడిచే ఫోర్కులు జారే చక్రాన్ని పక్కకి తోస్తాయి, దిమ్మెలు గూళ్లలో పడతాయి. కాలికి తగిలే ఆ ‘టక్’ దిమ్మె గూడులో పడిన చప్పుడే. డోలు ఒక్కో మెట్టు చొప్పునే తిరుగుతుంది కనుక నాలుగు నుంచి ఒకటికి నేరుగా దూకడం ఇలాంటి గేర్‌బాక్స్‌లో కుదరదు. సిగ్నల్ దగ్గర టాప్ గేర్‌లోనే ఆగిపోయి, నిలబడ్డ బండిలో గేర్లు పడటం లేదని పెడల్‌ని తన్నేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి. బండి కదలకపోతే దిమ్మె ఎదురుగా గూడు కాక దిమ్మే వచ్చి నిలబడవచ్చు. అప్పుడు ఎంత తన్నినా దెబ్బ తగిలేది ఫోర్కుకే. క్లచ్ కొద్దిగా వదిలి మళ్లీ పట్టుకుంటే ఇరుసు కాస్త తిరిగి, గేరు దానంతటదే పడుతుంది. ఆగబోయే ముందే, బండి కదులుతుండగానే ఒక్కో గేరు తగ్గించుకుంటూ వస్తే ఈ తంటా ఉండదు.

దిమ్మెని దగ్గరగా చూస్తే అసలు సంగతి బోధపడుతుంది. కొత్త గేరులో దాని అంచు పదునుగా, మూల స్పష్టంగా ఉంటుంది. శక్తిని మోసే పక్క ముఖం నిట్టనిలువుగా ఉండదు. కొన్ని డిగ్రీలు లోపలికి వాలి, అడుగున సన్నంగా, తల దగ్గర వెడల్పుగా ఉంటుంది. ఇంజన్ బలం పడినకొద్దీ దిమ్మెలు ఒకదాన్నొకటి లోపలికి లాక్కునేలా చేసిన ఏర్పాటు అది. గేరు దానంతటదే ఊడిపోకుండా పట్టి ఉంచేది ప్రధానంగా ఆ వాలే, ఫోర్కు కాదు. మూల అరిగి గుండ్రమైతే వాలు తిరగబడుతుంది. అప్పటిదాకా దగ్గరికి లాగిన బలమే అప్పటినుంచి దూరంగా తోస్తుంది. థర్డ్‌లో ఎక్సలేటర్ ఇవ్వగానే గేరు ఎగిరిపోయి ఇంజన్ ఒక్కసారి గుయ్‌మని అరవడానికి చాలాసార్లు కారణం ఇదే. గమనించండి, ఇక్కడ అరిగింది చక్రాల పళ్లు కావు, అరలీటరు నూనె తక్కువైనందువల్ల కాదు, లోహం నాసిరకం కావడం వల్లా కాకపోవచ్చు. కొన్ని వేలసార్లు మూల మూలకి తగిలింది, అంతే.

మూల మూలకి ఎందుకు తగులుతుంది? గేరు మెల్లగా నొక్కితే పెట్టెకి మంచిదని ఒక నమ్మకం ఉంది. నిజం దానికి సరిగ్గా ఎదురు. అర మనసుతో నొక్కితే దిమ్మె గూడు అంచు మీద ఆగి గరగరమని రాసుకుంటూ పోతుంది, ప్రతి రాపిడికీ మూల కొంచెం పోతుంది. కొంతమంది సగం నొక్కి వదిలేస్తారు, గేరు పడీ పడనట్టు ఉండిపోతుంది, ఎక్సలేటర్ ఇవ్వగానే ఊడిపోతుంది. ఒక్క కదలికలో, తడబడకుండా, పెడల్ ఆగేదాకా నొక్కి వెంటనే కాలు తీసేయాలి. తన్నమని కాదు, తేల్చి నొక్కమని. కాలు తీసేయడం కూడా పద్ధతిలో భాగమే. నడుపుతున్నంతసేపూ బూటు పెడల్ మీదే ఆనించి ఉంచేవాళ్ల బండిలో ఫోర్కు కొసలు తిరిగే చక్రం గాడికి నిరంతరం ఒత్తుకుని ఉంటాయి. ఫోర్కు కొస మందం తగ్గితే జారే చక్రం చివరిదాకా వెళ్లదు, దిమ్మె గూడులో సగమే దిగుతుంది, మూలలు ఇంకా తొందరగా పోతాయి. ఒక అరుగుదల ఇంకోదాన్ని కంటుంది. ఇందులో కంపెనీ చేసిన తప్పేమీ లేదు.

క్లచ్ పట్టడం ఎందుకో కూడా ఇదే లెక్కలో అర్థమవుతుంది. రెండో గేరు నిష్పత్తి 1.7, మూడోది 1.25 ఉన్న బండి అనుకుందాం. సెకండ్‌లో ఇంజన్ 5,000 ఆర్‌పీఎం తిరుగుతుండగా థర్డ్ వేస్తే, అదే వేగంలో పోవడానికి ఇంజన్ సుమారు 3,700కి దిగాలి. ఆ 1,300 చుట్ల తేడా ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. రెండు తిరిగే వస్తువులు ఢీకొన్నప్పుడు ఖర్చయ్యే శక్తి వేగాల తేడాకి వర్గంగా పెరుగుతుంది. తేడా రెట్టింపైతే దెబ్బ నాలుగింతలు. బరువు ఎంతుంటే దెబ్బ అంత. క్లచ్ పూర్తిగా పట్టినప్పుడు ఆ ఢీలో ఇంజన్ క్రాంకు, మాగ్నెట్ బరువు పాలుపంచుకోవు. ఒంటరి ఇరుసు, దాని మీది తేలికపాటి చక్రాలు మాత్రమే దిమ్మెలకి తగులుతాయి. మిగిలిన తేడాని తర్వాత క్లచ్ ప్లేట్లు జారుతూ మెత్తగా సర్దుతాయి. సగం పట్టిన క్లచ్‌తో గేరు వేస్తే క్రాంకు బరువంతా దిమ్మెల మీద పడుతుంది. గేరు తగ్గించేటప్పుడు లెక్క తిరగబడుతుంది. అప్పుడు ఇంజన్ 3,700 నుంచి 5,000కి ఎక్కాలి. క్లచ్ పట్టి ఉన్నప్పుడే ఎక్సలేటర్‌ని క్షణంపాటు చిన్నగా రేజ్ చేసి గేరు తగ్గిస్తే ఇంజన్ వేగం దాదాపు సరిపోయి, క్లచ్ వదిలినప్పుడు కుదుపు రాదు. అది చేయకుండా వదిలితే ఆ చుట్లన్నీ వెనక చక్రమే ఇంజన్‌కి ఎక్కించాలి. తడి రోడ్డు మీద ఆ క్షణంలో టైరు జారడం కద్దు. కేటీఎం 390, యమహా ఆర్15 వంటి బండ్లలో ఈమధ్య వచ్చిన స్లిప్పర్ క్లచ్ చేసేది ఇదే: వెనక నుంచి బలం ఎదురొస్తే ప్లేట్లు కాస్త వదులై కుదుపుని మింగేస్తాయి.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. రేసుల్లో క్లచ్ ముట్టుకోకుండానే గేర్లు ఎక్కిస్తారు కదా, వాళ్ల గేర్‌బాక్సులు పగిలిపోవడం లేదే అని. నిజమే. క్విక్ షిఫ్టర్ ఉన్న బండిలో పెడల్ మీద ఒత్తిడి పడగానే ఒక సెన్సర్ పసిగట్టి, సెకనులో చిన్న భాగంపాటు ఇంజన్ నిప్పుని ఆపేస్తుంది. ఆ క్షణంలో దిమ్మెల మీద భారం పోతుంది, అవి విడివడి పక్కదాంట్లో పడతాయి. కాబట్టి దిమ్మెలకి కావాల్సింది క్లచ్ కాదు, భారం దిగడం. క్లచ్ అందుకు ఒక దారి, ఎక్సలేటర్ ముయ్యడం ఇంకో దారి, నిప్పు ఆపడం మూడో దారి. చెయ్యి తిరిగినవాళ్లు ఎక్సలేటర్‌ని సరిగ్గా ఆ క్షణానికి మూసి, క్లచ్ లేకుండా పై గేరుకి పోగలరు, పెట్టెకి నష్టం రాదు. అయితే రేసు బండి గేర్‌బాక్స్‌ని తరచూ విప్పి చూస్తారు, అరిగినవి తీసేస్తారు. ఆఫీసుకి పోయే బండికి ఆ భోగం లేదు. పైగా క్షణం తప్పితే పడే దెబ్బ పూర్తి క్రాంకు బరువుతో పడుతుంది. ఈ అభ్యంతరం నా వాదనని పడగొట్టకపోగా నిలబెడుతోంది: అదే లోహం, అదే పెట్టె, భారం దించే నేర్పు ఉన్న కాలి కింద మన్నుతుంది, లేని కాలి కింద మన్నదు.

మన తెలుగు రోడ్ల మీద గేర్‌బాక్స్‌కి అసలు శత్రువు మాత్రం రేసు సరదా కాదు, మైలేజీ పిచ్చి. వీలైనంత తొందరగా టాప్ గేర్ వేసేసి, పాతిక ముప్ఫై కిలోమీటర్ల వేగంలో కూడా దించకుండా, స్పీడ్ బ్రేకర్ దాటాక కూడా అదే గేరులో ఎక్సలేటర్ తిప్పేవాళ్లు కోకొల్లలు. వాళ్ల లెక్కలో కొంత నిజముంది. పై గేరులో ఇంజన్ తక్కువ చుట్లు తిరుగుతుంది, రాపిడి తగ్గుతుంది, థ్రాటిల్ ఎక్కువ తెరిచి ఉండటం వల్ల గాలి పీల్చుకోవడానికి పడే శ్రమ తగ్గుతుంది, ఆ మేరకు పెట్రోలు కలిసొస్తుంది. కానీ ఈ లాభం ఇంజన్ సాఫీగా లాగినంతవరకే. ఒంటి సిలిండర్ నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో రెండు చుట్లకి ఒక్కసారే పేలుడు. చుట్లు బాగా తగ్గిపోయి బండి ఈడవలేక దడదడలాడుతుంటే ఒక్కో పేలుడూ ఒక్కో సుత్తి దెబ్బ. ఆ దెబ్బ క్రాంకు బేరింగు, క్లచ్ లోపలి స్ప్రింగులు, గేరు దిమ్మెలు, చైను వరసగా అన్నింటినీ కుదుపుతూ వెనక చక్రం చేరుతుంది. బేరింగుల మధ్య నూనె పొర నిలిచేది తిరిగే వేగం వల్లే. వేగం తగ్గి బరువు పెరిగితే పొర పలచబడుతుంది, లోహం లోహానికి దగ్గరవుతుంది. తక్కువ చుట్ల మీద పూర్తి ఎక్సలేటర్ ఇస్తే ఇంజన్ నాక్ కొట్టే ప్రమాదమూ ఉంది. చైను స్ప్రాకెట్ త్వరగా పోయిందని సామాను నాణ్యతని తిట్టుకునే ముందు ఈ అలవాటు ఉందేమో చూసుకోవాలి. లీటరుకి నాలుగైదు కిలోమీటర్లు మిగిల్చి, ఆ డబ్బు క్లచ్ ప్లేట్లకీ చైనుకీ కడితే అది పొదుపు అనిపించుకోదు. హ్యాండిల్‌లో దడ మొదలైతే గేరు దించాల్సిందే. అంతకంటే మంచి మీటరు ఏ కంపెనీ పెట్టలేదు.

నూనె సంగతికి వస్తే మోటార్ సైకిల్ కారు లాంటిది కాదు. కారులో ఇంజన్‌కి ఒక నూనె, గేర్‌బాక్స్‌కి వేరే నూనె. నేటి నాలుగు స్ట్రోకుల బండ్లలో దాదాపు అన్నింటా ఇంజన్, గేర్‌బాక్స్, క్లచ్ మూడూ ఒకే నూనెలో మునిగి ఉంటాయి. వంద సీసీ బండిలో అది దాదాపు ఒక లీటరు. ఆ ఒక్క లీటరే సిలిండర్ మసిని మోయాలి, గేరు పళ్ల మధ్య నలగాలి, క్లచ్ ప్లేట్లని చల్లబరచాలి, అదే సమయంలో ప్లేట్లు జారకుండా పట్టు కూడా ఇవ్వాలి. వేడిలో పలచబడకుండా నూనెలో కలిపే పొడవాటి పాలిమర్ అణువులని గేరు పళ్లు కత్తెరలా తునకలు చేస్తాయి. అందుకే మోటార్ సైకిల్‌లో నూనె కారులో కంటే తొందరగా పలచబడుతుంది. కార్ల కోసం రాపిడి బాగా తగ్గించేలా చేసిన నూనె పోస్తే క్లచ్ జారుతుంది. ఈ గొడవ తీర్చడానికే జపాన్ ప్రమాణాల సంస్థ జాసో 1998లో ఎంఏ, ఎంబీ అనే తరగతులు పెట్టింది. ఎంఏ అని రాసిన డబ్బా, నూనెలో మునిగే క్లచ్ ఉన్న బండికి, ఎంబీ అలాంటి క్లచ్ లేని స్కూటర్లకి. పాత రెండు స్ట్రోకుల బండ్లలో ఈ పేచీ ఉండేది కాదు. ఆర్ఎక్స్100 గానీ యెజ్డీ గానీ ఇంజన్ నూనెని పెట్రోలుతో కలిపి కాల్చేసేవి, గేర్‌బాక్స్ నూనెకి మసి అంటేది కాదు. పాత బండ్ల గేర్‌బాక్సులు ఇనుములా ఉండేవని అనేవాళ్లు ఆ ఇనుము వెనక ఉన్న శుభ్రమైన నూనెని మరిచిపోతారు. ఇక హాఫ్ క్లచ్ అలవాటు చేసే చెరుపు రెండింతలు. ట్రాఫిక్‌లో రెండు వేళ్లు ఎప్పుడూ క్లచ్ మీదే ఆనించి నడిపితే ప్లేట్లు జారి వేడెక్కడమే కాదు, వాటి పొడి ఆ ఒక్క లీటరు నూనెలోనే కలుస్తుంది. క్లచ్ లీవరు కొసన 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఖాళీ ఆట ఉండాలని చాలా బండ్ల మాన్యువళ్లలో రాసి ఉంటుంది. సర్వీసుకిచ్చినప్పుడు కడగమని గట్టిగా చెప్పేవాళ్లు ఈ ఆట చూడమని చెప్పడం అరుదు.

అయితే కంపెనీ చేసే నిర్మాణానికి విలువే లేదా? ఉంది, కానీ మనం అనుకునే చోట కాదు. నిదానంగా తిరిగే పెద్ద ఇంజన్ గట్టిది, గిర్రున తిరిగే చిన్నది త్వరగా పోతుందని సాధారణ ఊహ. అశ్వశక్తిని సీసీతో భాగించి చూద్దాం. 349 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ సుమారు 20 అశ్వశక్తి ఇస్తుంది, అంటే లీటరు పరిమాణానికి 58. 97.2 సీసీ స్ప్లెండర్ సుమారు 8, అంటే లీటరుకి 80 పైమాట. ఊహ నిజమైతే స్ప్లెండర్ ముందు పోవాలి. పోవడం లేదు. ఇప్పుడు పిస్టన్ సగటు వేగం చూద్దాం. స్ప్లెండర్ పిస్టన్ కదిలే దూరం 49.5 మిల్లీమీటర్లు, 8,000 ఆర్‌పీఎం దగ్గర వేగం సెకనుకి 13 మీటర్లు. క్లాసిక్‌లో ఆ దూరం 85.8 మిల్లీమీటర్లు, 6,100 ఆర్‌పీఎం దగ్గరే వేగం 17 దాటుతుంది. 373 సీసీ కేటీఎం 390లో 60 మిల్లీమీటర్లు, 9,000 దగ్గర 18. చెవికి నింపాదిగా వినిపించే క్లాసిక్ పిస్టన్ పూర్తి బలం దగ్గర కేటీఎం పిస్టన్‌తో ఇంచుమించు సమానంగా పరిగెడుతోందన్నమాట. స్ప్లెండర్ నెమ్మదస్తురాలు. అది మన్నడానికి ఇదొక కారణం. ఇంకో కారణం దాన్ని కొనేవాళ్లు. పాలక్యాన్లు కట్టుకుని నలభైలో పోయే మనిషి స్ప్లెండర్ కొంటాడు, సిగ్నల్ పడగానే దూకాలనుకునే కుర్రాడు ఇంకోటి కొంటాడు. ఇరవై ఏళ్ల తర్వాత మొదటి బండికి గట్టిదన్న పేరు, రెండోదానికి చెడ్డపేరు. ఆ పేర్లలో ఎంత వాటా లోహానిది, ఎంత మనిషిది అన్నది విడదీయకుండా కంపెనీకి మార్కులు వేయడం శాస్త్రం కాదు.

ఈ విడదీత ఎంత ముఖ్యమో కంపెనీలకి మనకంటే ముందే తెలుసు. 1958లో హోండా తెచ్చిన సూపర్ కబ్ 2017 నాటికి పది కోట్ల బండ్లు దాటింది, ప్రపంచంలో ఇంకే మోటారు వాహనమూ ఆ లెక్క చేరలేదు. మొండితనానికి పెట్టింది పేరైన ఆ బండికి ఎడమ చేతి క్లచ్ లీవరే లేదు. ఇంజన్ చుట్లు పెరిగితే దానంతటదే పట్టుకుని, పెడల్ నొక్కడంతోనే విడివడే క్లచ్ పెట్టారు. ఒక చేత్తో నూడుల్స్ పళ్లెం పట్టుకుని వెళ్లే కుర్రాళ్లు కూడా నడపగలగాలన్నది అప్పటి ఆలోచన. ఫలితంగా హాఫ్ క్లచ్ అలవాటుకి చోటే లేకుండా పోయింది. మైసూరులో తయారైన జావా, యెజ్డీల్లో కూడా గేర్ లీవరు కదిపితే క్లచ్ కాస్త విడివడే ఏర్పాటు ఉండేది, పైగా అదే లీవరు కిక్కుగా కూడా పనిచేసేది. 1985లో మన దేశానికి వచ్చిన హీరో హోండా సీడీ100, తర్వాత వచ్చిన స్ప్లెండర్ కబ్ కుటుంబపు ఇంజన్ నమూనాలోనివే. క్లచ్ లీవరు పెట్టినా, న్యూట్రల్‌ని గేర్ల వరసలో ఒక చివరన ఉంచారు. మడమతో నొక్కుకుంటూ పోతే చివరికి న్యూట్రలే తగులుతుంది, ఒకటికీ రెండుకీ మధ్య వెతుక్కునే బాధ లేదు. కవాసకీ ఇంకో దారి పట్టింది. బండి నిలబడి ఉన్నప్పుడు ఫస్ట్ నుంచి పైకి ఎత్తితే న్యూట్రల్ దాటి సెకండ్‌కి పోకుండా లోపల ఉక్కు గోళీలు అడ్డుపడతాయి. 2010 ప్రాంతంలో హోండా పెద్ద బండ్లలో పెట్టిన డీసీటీ అనే గేర్‌బాక్స్ అయితే గేరు మార్చే పనే మనిషి దగ్గర్నుంచి తీసేసుకుంది. ఇవన్నీ ఒకే సంగతి చెబుతున్నాయి. గట్టి బండి చేయాలనుకున్న ఇంజనీరు లోహం ఎంచుకోవడంతో ఆగలేదు, నడిపేవాడి తప్పులకి తలుపులు మూసుకుంటూ వచ్చాడు.

నా వాదనకి హద్దు కూడా చెప్పాలి. గట్టిపరిచే ప్రక్రియ సరిగ్గా జరగని గేరు, కొలత తప్పిన ఫోర్కు ఫ్యాక్టరీ నుంచే వచ్చే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. మొదటి నాలుగైదు వేల కిలోమీటర్లలోనే గేరు ఎగిరిపోతుంటే తప్పు కాలిది కాదు, వారంటీలో పెట్టె విప్పించాల్సిందే. సర్వీస్ సెంటర్‌లో ‘మీరు సరిగ్గా నడపడం లేదండీ’ అంటే ఒప్పుకోవద్దు, అంత తక్కువ దూరంలో దిమ్మెల మూలలు అరగవు. ఇంకో మాట కూడా తరచూ వినిపిస్తుంది: ఘాట్ దిగేటప్పుడు గేరు తగ్గించి ఇంజన్‌తో ఆపుకుంటే గేర్‌బాక్స్ పాడవుతుందని. పాడవదు. దిమ్మెలకి రెండు పక్కలా ముఖాలున్నాయి, దిగేటప్పుడు బలం రెండో ముఖం మీద పడుతుంది, అంతే. శ్రీశైలం ఘాట్‌లోనో లంబసింగి దారిలోనో న్యూట్రల్‌లో వదిలి బ్రేకులు కాల్చుకోవడం కంటే సెకండ్‌లో దిగడం అన్నివిధాలా మేలు. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ చేసేవాళ్లకి ఇంకో కబురు: 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్6 కాలుష్య నిబంధనల తర్వాత పెట్రోలు ఇంజెక్షన్ మామూలైపోయింది. అలాంటి చాలా బండ్లలో గేరులో ఉండి ఎక్సలేటర్ పూర్తిగా మూస్తే పెట్రోలు చిమ్మడమే ఆగిపోతుంది, న్యూట్రల్‌లో ఇంజన్ ఆరిపోకుండా ఉండటానికి చిమ్ముతూనే ఉంటుంది. ఇక స్కూటర్లూ ఎలక్ట్రిక్ బండ్లూ వచ్చాక గేర్ల గోల ఎందుకనేవాళ్లు ఉన్నారు. నిజమే కావచ్చు. స్కూటర్ బెల్టు కూడా అరుగుతుంది, కాకపోతే దాన్ని అరగదీసేది కాలు కాదు.

అందుకని పాత బండి బేరమాడేటప్పుడు మీటరు రీడింగునీ ట్యాంకు మీది పేరునీ పక్కన పెట్టి ఐదు నిమిషాలు నడిపి చూడండి. ఇంజన్ వేడెక్కాక ఫస్ట్ వేసినప్పుడు వచ్చే ‘టక్’ గురించి బెంగపడకండి. నూనెలో మునిగిన క్లచ్ ప్లేట్లు ఇరుసుని కొంచెం ఈడ్చుకుంటూ తిప్పుతుంటాయి, ఆ చప్పుడు మంచి బండిలోనూ వస్తుంది. ఖాళీ రోడ్డు మీద సెకండ్‌లోనూ థర్డ్‌లోనూ ఎక్సలేటర్‌ని గబుక్కున తెరిచి, మూసి, మళ్లీ తెరవండి. ఒక్కసారి గేరు ఎగిరినా ఆ బండి వద్దు. దాన్ని బాగుచేయాలంటే ఇంజన్ దించి, కేసింగు రెండుగా విప్పాలి, ఆ ఖర్చు బేరంలో తగ్గించే రెండు మూడు వేలతో తీరదు. టాప్ గేర్‌లో ఎక్కువ ఎక్సలేటర్ ఇస్తే శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు అయిపోయాయి, అవి మార్చుకుంటే సరిపోతుంది, ఆ మేరకు ధర తగ్గించమనండి. చివరగా, అమ్మే మనిషినే నడపమని చెప్పి మీరు వెనక కూర్చోండి. ఆయన ఎడమ కాలు పెడల్ మీద ఎంతసేపు ఉంటుందో, స్పీడ్ బ్రేకర్ దగ్గర గేరు దించుతాడో లేదో చూసి, ఆ తర్వాతే ధర మాట్లాడండి.